గాయం మానడం ఆగనప్పుడు: అవయవాల్లో ఫైబ్రోసిస్

దెబ్బతిన్న కణజాలాన్ని శరీరం మచ్చతో పూడ్చుకుంటుంది. ఆ పని అవసరం తీరాక కూడా సాగితే ఏర్పడే స్థితే ఫైబ్రోసిస్. గాయమైన చోట ఫైబ్రోబ్లాస్టు కణాలు చేరి కొల్లాజెన్ అనే పీచులాంటి మాంసకృత్తును అల్లుతాయి. వాటిలో కొన్ని కండరకణాల మాదిరిగా ముడుచుకునే శక్తిని సంతరించుకుని గాయపు అంచులను దగ్గరకు లాగుతాయి. మయోఫైబ్రోబ్లాస్టులనే ఈ కణాలను 1971లో గబ్బియానీ బృందం వర్ణించింది. గాయం మానాక అవి నశించాలి. హాని పదేపదే జరుగుతుంటే మాత్రం నిలిచిపోయి, కొల్లాజెన్‌ను పోగుచేస్తూనే ఉంటాయి.

మూలసూత్రం ఒకటే అయినా ఫలితం అవయవాన్ని బట్టి మారుతుంది. కాలేయంలో విటమిన్ ఎ నిల్వచేసే నక్షత్రాకార కణాలే ఈ పాత్ర వహిస్తాయి. మద్యం, హెపటైటిస్ వైరసులు, కొవ్వు వాటిని ప్రేరేపిస్తే వ్యాధి క్రమంగా సిర్రోసిస్‌కు దారితీస్తుంది. ఊపిరితిత్తుల్లో గాలిగదుల గోడలు మందమై ప్రాణవాయువు రక్తంలోకి చేరడం కష్టమవుతుంది. రాతిధూళి పీల్చే కార్మికులకు వచ్చే సిలికోసిస్ ఈ కోవలోదే. గుండెపోటు తరువాత ఏర్పడే మచ్చ తొలుత రక్షణే. అది లేకుంటే గుండె గోడ చిట్లిపోగలదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతపు మూత్రపిండ వ్యాధిలో సూక్ష్మనాళికల చుట్టూ ఉండే కణజాలం దెబ్బతింటుంది. ఆరంభంలో వాపు వంటి లక్షణాలు అంతగా కనిపించకపోవడంతో చాలామందిలో జబ్బు ఆలస్యంగా బయటపడుతోంది.

దక్షిణాసియాకు మరింత సన్నిహితమైనది నోటిలో వచ్చే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్. దీనికి ప్రధాన కారణం వక్క. 1952లో ష్వార్ట్జ్ దీనిని కెన్యాలోని భారతీయ స్త్రీలలో గుర్తించారంటే, అలవాటు ఎంత దూరం ప్రయాణించిందో ఊహించవచ్చు. వక్కలోని అరెకోలిన్ కొల్లాజెన్ ఉత్పత్తిని పెంచుతుంది; బుగ్గల లోపలి పొర పాలిపోయి, బిగుసుకుపోతుంది. మొదట కారం తగిలితే మంట, ఆపై నోరు తెరవలేని స్థితి. గుట్కా మానేస్తే వ్యాధి ముదరడం నెమ్మదించవచ్చు గానీ, బిగుసుకున్న పొర సాధారణంగా పూర్వస్థితికి రాదు. ఇది క్యాన్సర్‌గా మారే ప్రమాదమున్నందున పరీక్షలు కొనసాగాలి. పొగాకు లేని వక్క సైతం క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది.

మచ్చను పూర్తిగా తుడిచివేసే మందు లేదు. 2014లో అమెరికా అనుమతి పొందిన పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ వేగాన్ని తగ్గించగలవు, అంతే. కాలేయం కొంత భిన్నం: హెపటైటిస్ సి వైరస్ తొలగిన అనేకమందిలో పేరుకున్న పీచు కొంతమేర కరగడాన్ని వైద్యులు గమనించారు.