డూకో నుంచి క్లియర్ కోట్ దాకా: మన కారు మెరుపు కథ

కాస్త పెద్ద పోస్టే, తీరిగ్గా చదవండి.

మన షోళింగనల్లూరు అపార్ట్‌మెంట్లలో ఎండాకాలం రాగానే ఒక తగాదా మొదలవుతుంది. కారు మెరుపు పోయింది, ఎండలో చూస్తే సాలెగూడు లాంటి గీతలు కనబడుతున్నాయి, తుడిచే అబ్బాయిని మార్చేయాలి అంటారు. పక్కనే ఒక పెద్దాయన "ఏం కాదు, ఏడాదికోసారి రబ్బింగ్ కొట్టించు, అద్దంలా అవుతుంది" అంటారు. ఈ రెండు మాటల్లో ఎంత నిజముందో తేలాలంటే వందేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

తొలి కార్లకు రంగు వేసింది గుర్రపు బళ్ళకు రంగులు వేసిన చేతులే. మన మద్రాసులో 1840లో మొదలైన సింప్సన్ కంపెనీ బళ్ళు కట్టే సంస్థ. 1903లో అక్కడే ఒక ఆవిరి కారు తయారైంది. ఆ రోజుల్లో నూనె రంగులు పూతల మీద పూతలు వేసి, ప్రతి పూతనూ ఆరబెట్టి, నున్నగా అరగదీసి, పైన వార్నిష్ పట్టించేవారు. ఒక్క బండికి వారాలు పట్టేది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్ళినవాళ్ళు నిజాం గారి పసుపు రంగు రోల్స్ రాయిస్ చూసే ఉంటారు. 1912 నాటి ఆ బండి ఆ కాలానిదే. అంత ఓపిక, అంత ఖర్చు రాజులకు చెల్లింది. వేలకొద్దీ కార్లు చేసే ఫోర్డ్‌కు చెల్లలేదు. అందుకే 1914 నుంచి 1925 దాకా మోడల్ టీ నల్ల రంగులోనే వచ్చింది. ఆ నల్ల ఎనామెల్ చవక, గట్టిది.

ఈ చిక్కు విప్పింది అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ. మందుగుండులో వాడే నైట్రోసెల్యులోజ్‌తోనే త్వరగా ఆరే లాకర్ తయారుచేసి, దానికి డ్యూకో అని పేరు పెట్టింది. 1923లో జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్లకు అది ఎక్కింది. వారాల పని గంటల్లోకి వచ్చింది, రంగురంగుల కార్లు వచ్చాయి. ఆ రంగు పేరు మన దేశంలో మామూలు మాటైపోయింది. బీరువాకు స్ప్రే కొట్టించినా "డూకో వేయించాం" అంటాం కదా, అది ఇదే.

డూకోకు ఒక గుణం ఉంది. స్ప్రే కొట్టగానే మెరవదు, రుద్దితేనే మెరుస్తుంది. ఎండకు పై పొర సుద్దలా తేలిపోతుంది, మళ్ళీ రుద్దితే కింద కొత్త రంగు బయటపడుతుంది. అంబాసిడర్, ఫియట్, మన వండలూరులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, ఇవన్నీ నడిచిన రోజుల్లో పుదుపేటలోనూ విజయవాడ ఆటోనగర్‌లోనూ పెయింటర్లు నేర్చిన విద్య ఇదే. గుడ్డకు కారు రంగు అంటుకుంటే పని జరుగుతున్నట్టు లెక్క. మన పెద్దాయన సలహా అక్కడ పుట్టింది. ఆ రంగుకు అది సరైన సలహానే.

తర్వాత రంగు మారింది. 1970, 80 దశకాల్లో విదేశాల్లో రెండు పొరల పద్ధతి వ్యాపించింది. కింద రంగు, పైన రంగు లేని క్లియర్ కోట్. 1990ల చివర మన చెన్నై చుట్టుపక్కలే ఫోర్డ్, హ్యుందాయ్ ఫ్యాక్టరీలు వచ్చాక ఇలాంటి రంగు మన ఇళ్ళ ముందుకూ వచ్చింది. ఇప్పుడు మెరుపంతా ఆ క్లియర్ కోట్‌లోనే ఉంది. దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక కంటే సన్నం. ఎండను ఆపే మందు కూడా అందులోనే ఉంటుంది. రబ్బింగ్ కొట్టించిన ప్రతిసారీ అందులో కొంత పోతుంది. పోయింది తిరిగి రాదు. ఒకనాడు పొర ఊడి, బానెట్ మీద, టాప్ మీద తెల్లటి మచ్చలు పడతాయి. అప్పుడు పాలిష్ పనికిరాదు, రంగే వేయించాలి.

మరి గీతలు ఎందుకు పడుతున్నాయి? ఓఎంఆర్ మీద ఆగని కట్టడాల దుమ్ము, సముద్రపు ఉప్పుగాలి, ఉప్పు బోరునీళ్ళు. దుమ్ములో ఉండేది ఇసుక. పొడిగుడ్డతో తుడిస్తే అదే గరుకు కాగితం. ట్యాంకర్ నీళ్ళకు లెక్క కట్టి, ఒక్క బకెట్ ఇచ్చి, పది కార్లు తుడవమంటే ఆ అబ్బాయి ఏం చేస్తాడు? మూడో కారుకే ఆ నీళ్ళు బురద. తప్పు అతని చేతిది కాదు, మనమిచ్చిన బకెట్‌ది.

మెరుపు తగ్గిన కారుకు చేయవలసింది ఇది. ముందు బాగా కడిగి ఆరనివ్వండి. గీత మీద గోరు నడపండి. గోరు ఆగితే అది లోతు గీత, పాలిష్‌తో పోదు. ఆగకపోతే కాస్త నీళ్ళు చల్లండి. గీత మాయమైతే అది క్లియర్ కోట్‌లోనే ఉంది. దానికి సన్నరకం పాలిష్ చాలు, ముతక కాంపౌండ్ అక్కర్లేదు. నీడలో, ఒక్కో భాగం చొప్పున, మైక్రోఫైబర్ గుడ్డతో చేయండి. అంచుల దగ్గర పొర పల్చన, అక్కడ ఒత్తకండి. చివర వాక్స్ పట్టించండి. వాక్స్ దేన్నీ అరగదీయదు, కాబట్టి మూడు నాలుగు నెలలకోసారి వేసినా నష్టం లేదు. పాలిష్ మాత్రం అవసరమైనప్పుడే. చాలా పాత కార్లకు క్లియర్ కోట్ ఉండదు. గుడ్డకు రంగు అంటితే మీది ఆ రకం అన్నమాట.

సంఘం ముందు ఒక చిన్న ప్రతిపాదన పెడుతున్నాను. కారుకు రెండు మైక్రోఫైబర్ గుడ్డలు ఎవరివి వాళ్ళు ఇద్దాం. పొడిగుడ్డ తుడుపు మానిపిద్దాం. రోజూ తుడవడం బదులు వారానికి రెండుసార్లు, కారుకో బకెట్ నీళ్ళతో కడిగించుకుందాం. తుడిచే రోజులు తగ్గాయని జీతం మాత్రం తగ్గించవద్దు. ఒకసారి రంగు వేయించే ఖర్చుతో పోలిస్తే అది ఏమాత్రం?

మీ కారు ఏ ఏటిదో, ఇంతవరకు ఎన్నిసార్లు రబ్బింగ్ కొట్టించారో కింద రాయండి. పాత అంబాసిడర్, ఫియట్ యజమానులు ఆనాటి డూకో ముచ్చట్లు కూడా చెప్పాలి మరి.