జిల్లా ఆసుపత్రికి వైద్య కళాశాల: చట్టం రాయని వాక్యం

తెలంగాణలో 2022లో 8, 2023లో 9 ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలలో తరగతులు ప్రారంభమయ్యాయి. వీటిలో ఎక్కువ భాగానికి అప్పటికే నడుస్తున్న జిల్లా ఆసుపత్రో, ఏరియా ఆసుపత్రో ఆధారం. చర్చ మాత్రం ఎంబీబీఎస్ సీట్ల లెక్క దాటి పోలేదు. ఆసుపత్రి చేతులు మారినప్పుడు రోగి పట్ల దాని బాధ్యత ఎక్కడ రాసి ఉందన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

ఈ ఆసుపత్రులను బోధనకు దూరంగా ఉంచింది ఒక చట్టమే. బోధనాసుపత్రులు వైద్య విద్య సంచాలకుల (డీఎంఈ) కింద, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ప్రజారోగ్య సంచాలకుల కింద నడుస్తుండగా, 1986 నాటి ఆంధ్రప్రదేశ్ వైద్య విధాన పరిషత్ చట్టం మధ్యనున్న జిల్లా, ఏరియా ఆసుపత్రులను ఒక స్వతంత్ర సంస్థకు అప్పగించింది. సచివాలయం ఫైళ్ల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రి తన పని తాను చేసుకోవాలన్నది ఉద్దేశం. ఆ స్వతంత్రత చాలావరకు కాగితానికే పరిమితమైంది. గ్రాంటు ఎప్పుడొస్తుందా అని చూస్తూ, తమ జీతాలు కూడా ట్రెజరీ 010 పద్దు కింద ఇవ్వాలని పరిషత్ ఉద్యోగులు ఏళ్ల తరబడి ఆందోళన చేయడమే అందుకు సాక్ష్యం. స్వయంప్రతిపత్తి ఇచ్చామన్న సంస్థలో ఉద్యోగులు ప్రభుత్వ పద్దు కోరుకోవడం కంటే పెద్ద విమర్శ ఏముంటుంది?

అలా చట్టం విడదీసినదాన్ని ప్రభుత్వ ఉత్తర్వులు మళ్లీ కలిపాయి. కళాశాల మంజూరవగానే ఆసుపత్రి పరిషత్ నుంచి డీఎంఈకి వెళ్లేది. భవనం, పడకలు సులువుగానే బదిలీ అయ్యేవి. చిక్కంతా మనుషుల దగ్గరే. పరిషత్‌లో ఉన్నది సివిల్ సర్జన్లు, సివిల్ అసిస్టెంట్ సర్జన్లు; డీఎంఈలో ఉన్నది ప్రొఫెసర్లు, అసిస్టెంట్ ప్రొఫెసర్లు. ఏళ్ల తరబడి అదే థియేటర్‌లో ఆపరేషన్లు చేసిన సర్జన్ బోధకుడి లెక్కలోకి వచ్చేవాడు కాదు. నిన్న చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్ వచ్చేవాడు. వార్డు ఒక్కటే, కేడర్లు రెండు, సీనియారిటీ జాబితాలూ రెండు.

జాతీయ వైద్య కమిషన్ 2025 నిబంధనలు ఈ ముడిని కొంత విప్పాయి. కనీసం 220 పడకలున్న ప్రభుత్వ ఆసుపత్రిలో 10 ఏళ్లు పనిచేసిన స్పెషలిస్టు అసోసియేట్ ప్రొఫెసర్ కావచ్చు; రెండేళ్లు పనిచేసినవారు అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు. నా దృష్టిలో ఇది న్యాయమైన మార్పు. అయితే తనిఖీ నాడు అదే డాక్టరు బోధకుడిగానూ, మర్నాడు ఓపీలో వైద్యుడిగానూ లెక్కకు వస్తే, ఆయన గంటల్లో రోగి వాటా ఎంత? నిబంధనలు బోధకుడి అర్హత చెప్పి ఊరుకున్నాయి.

ఆసుపత్రి చేతులు మారితే రోగి సంగతేమిటన్న ప్రశ్నను అమెరికాలోని బోస్టన్ శాసనసభకు తీసుకెళ్లింది. 1864లో మొదలైన బోస్టన్ సిటీ ఆసుపత్రి నగర పాలక సంస్థది. బోస్టన్ విశ్వవిద్యాలయ వైద్య విద్యార్థులు అక్కడే నేర్చుకునేవారు. పక్కనే ఆ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా మరో ఆసుపత్రి ఉండేది. మేయర్ థామస్ మెనినో హయాంలో, 1995లో మసాచుసెట్స్ రాష్ట్రం చేసిన ప్రత్యేక చట్టం రెండింటి విలీనానికి దారి తెరిచింది. 1996 జూలై 1న బోస్టన్ మెడికల్ సెంటర్ ఏర్పడింది. నగర ప్రజారోగ్య విధులను అదే చట్టం బోస్టన్ పబ్లిక్ హెల్త్ కమిషన్ అనే వేరే సంస్థకు ఇచ్చింది. కొత్త ఆసుపత్రి లాభాపేక్ష లేనిదే అయినా ప్రైవేటు సంస్థ; నగరం చేతిలోంచి ఆసుపత్రి జారిపోయిందన్న విమర్శను తీసిపారేయలేం. కానీ వైద్యం అవసరమైన ప్రతి ఒక్కరికీ, చెల్లించే తాహతు ఉన్నా లేకపోయినా, సేవ కొనసాగాలన్న షరతు విలీనంతోపాటే చట్టంలోకి ఎక్కింది. ఆ నమూనా మొత్తం మనకు అక్కర్లేదు. ఆ ఒక్క షరతు మాత్రం అవసరం.

2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 10 కొత్త కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలని నిర్ణయించాక ఆ అవసరం ఇంకా పెరిగింది. ఉచిత ఓపీ, పడకల వాటా వంటి హామీలను ఒప్పందంలో పెడతామనడం సరిపోదు. ఒప్పందంలో పక్షాలు ప్రభుత్వం, సంస్థ; రోగి అందులో లేడు. ఉల్లంఘన జరిగితే నోటీసు ఇవ్వాలో వద్దో తేల్చేది ప్రభుత్వమే. హామీని చట్టంలోనే హక్కుగా రాస్తే, చేర్చుకోకుండా తిప్పిపంపిన రోగి నేరుగా ఆ సెక్షన్ చూపించి నిలదీయగలడు. ప్రభుత్వ కళాశాలల సంగతీ వేరు కాదు. 2024లో 50 సీట్లకు అనుమతి పొందిన కళాశాల ఉన్న పాడేరు మన్యానికి కేంద్రం. కొండల మీది గూడేల నుంచి దిగివచ్చేవారికి మరో పెద్దాసుపత్రి కావాలంటే ఘాట్ రోడ్డు దిగి మైదానానికి పోవాలి. పాడేరు ఆసుపత్రిలో ప్రసవాలకు, ప్రమాద కేసులకు కనీసం ఎన్ని పడకలు ఎప్పుడూ అట్టిపెట్టాలో ఇప్పటివరకు తేలుస్తున్నది బోధన లెక్కలే.