శ్రోతలు కోరిన పాట

ఒక పోస్టుకార్డు. దానిమీద కోరిన పాట, ఆ పాట గల చిత్రము, పాడినవారి పేర్లు. మిగిలిన చోటంతయు ఇంటిల్లిపాది పేర్లు. తాతగారితో మొదలుపెట్టి ఉయ్యాలలోని పసిబిడ్డ వరకు వ్రాసి, స్థలము చాలకపోయినచో అంచుల వెంబడి నిలువుగా కూడ వ్రాసెడివారు. శాసనములను చదివిన శ్రద్ధతో ఈ కార్డులను చదివిన చరిత్రకారులు మనలో తక్కువ. కాని సామాన్యుడు తనకు ఇష్టమైన పాట ఇది అని దేశమంత వినునట్లు చెప్పుకొనుటకు దొరికిన సాధనము ఈ కార్డే. అది సులభముగా దొరకలేదు. దాని కొరకు కొంత పెనుగులాట జరిగినది. ఆ పెనుగులాటలో మా రేడియోవారము కొంతకాలము శ్రోతకు ఎదుటి పక్షమున నిలిచితిమి. ఆ సంగతి దాచవలసిన పని లేదు.

రేడియోకు పూర్వము ఈ ముచ్చటను గ్రామఫోను తీర్చినది. 1902 నవంబరులో కలకత్తాలో గౌహర్ జాన్ పాడగా రికార్డు చేసిన నాటినుండి మన పాట మూడు నిమిషముల రికార్డులో ఇముడుట నేర్చుకొన్నది. పెట్టె ఉన్న ఇంటి అరుగుమీద సాయంకాలము ఇరుగుపొరుగువారు చేరెడివారు. త్యాగరాజ కీర్తన వెంట కపిలవాయి రామనాథశాస్త్రిగారి నాటక పద్యము, దాని వెంట ఒక హాస్య సంభాషణ, ఆ పైన అర్థము తెలియకున్నను అందరు తల యూచు ఒక హిందూస్థానీ పాట. ఆ వరుసకు శాస్త్రమేమియు లేదు. ఇంటి యజమాని ఇష్టమే శాస్త్రము. నచ్చనివారు లేచి పోవచ్చును, కాని పోయెడివారు కారు.

ఆ తరువాత రేడియో వచ్చినది. హైదరాబాదులో దక్కన్ రేడియో 1935లోను, మద్రాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీనను ప్రసారములు ఆరంభించినవి. సంగీతము ఇంటింటికి చేరినది గాని, ఎంపిక మాత్రము ఇంటినుండి జారి ఆఫీసుకు చేరినది. శాస్త్రీయము, లలితము, జానపదము, చిత్రగీతము అని మేము గళ్ళు గీచి, ఒక్కొక్క గడికి ఇన్ని నిమిషములని పంచితిమి. ఇట్టి పంపకము లేనిదే రేడియో నడువదు, నిజమే. కాని అది మా సౌకర్యము కొరకు గీచుకొన్న గీత. వినువాని చెవిలో ఆ గీతలు లేవు.

ఈ సంగతిని ముందుగా గ్రహించినవారిలో ఇంగ్లండుకు చెందిన రాయ్ ప్లమ్లీ ఒకడు. 1941 నవంబరులో ఒక రాత్రి, చలిమంట ఆరిపోయిన గదిలో, పడుకొనబోవుచు అతడు ఒక ఊహ చేసినాడు. నిర్జన ద్వీపమున ఒంటరిగా చిక్కుపడిన మనిషికి ఎనిమిది గ్రామఫోను రికార్డులు మాత్రమే తోడుండునని చెప్పినచో, అతడు వేనిని కోరుకొనును? బి.బి.సి. ఈ కార్యక్రమమును 1942 జనవరి 29న ఆరంభించినది. ప్లమ్లీ 1985లో మరణించువరకు దానిని నడిపినాడు. అది నేటికిని సాగుచున్నది. ఇందులో గొప్ప పాట ఏది అని ఎవరును అడుగరు. నీకు లేనిదే తోచని పాట ఏది అని అడుగుదురు. ఒకే మనిషి సింఫనీని, హాస్యగీతమును, చర్చి గీతమును ఒకే అర్ధగంటలో కోరినను ఎవరును ఆశ్చర్యపడరు.

మన దేశమున గాలి వేరొక దిక్కుగా వీచినది. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రియైన బి.వి. కేస్కర్‌గారు పండితులు, శాస్త్రీయ సంగీతమునందు అభిమానము గలవారు. సంస్థానములు పోయినవి, సంగీతజ్ఞులకు ఆశ్రయము తప్పినది, ఇక ఆ భారము రేడియో వహింపవలెను అని వారి వాదము. అది సమంజసమే. కాని వారు అంతతో ఆగలేదు. చిత్రగీతములు పాశ్చాత్య సంగీతపు కలగూరగంపలని తలచి వాని సమయమును కుదించినారు. ప్రసారమైన పాటకు గాయకుని పేరే గాని చిత్రము పేరు చెప్పరాదన్నారు. చెప్పినచో అది ప్రకటన యగునట. నిర్మాతలు కోపించి తమ పాటలను ప్రసారము చేయుటకు ఇచ్చిన అనుమతిని ఉపసంహరించుకొన్నారు. కొలది నెలలలో ఆకాశవాణిలో చిత్రగీతము దాదాపు వినరాకపోయినది.

శ్రోత ఏమి చేసినాడు? సభ పెట్టలేదు, మహజరు పంపలేదు. రేడియో మీటమీద ముల్లును కొంచెము జరిపినాడు. యుద్ధకాలమున మిత్రరాజ్యముల సైనికుల కొరకు సింహళమున నెలకొల్పిన శక్తిమంతమైన షార్టువేవ్ యంత్రములు అప్పటికి రేడియో సిలోను చేతిలో నున్నవి. 1952 డిసెంబరులో అచట బినాకా గీత్‌మాలా ఆరంభమైనది. అమీన్ సయానీ దానిని బొంబాయిలో రికార్డు చేయగా, టేపులు విమానములో కొలంబోకు పోయి, పాటలు సముద్రము దాటి తిరిగి బొంబాయికే వినవచ్చెడివి. ఇంతకంటె చుట్టుదారి సంగీత చరిత్రలో మరియొకటి కలదో లేదో! ప్రసారమైన పాటలకు వరుస నిర్ణయింపుడని అడిగినచో, తొలి కార్యక్రమమునకే తొమ్మిది వేల ఉత్తరములు వచ్చినవని సయానీగారు అనేక పర్యాయములు చెప్పుకొన్నారు. వారు 2024 ఫిబ్రవరిలో గతించినారు. సిలోను తెలుగు ప్రసారములలో మీనాక్షి పొన్నుదొరైగారి కంఠమును తలచుకొనుచు నేటికిని మురిసిపోవు పెద్దలు తెలుగునాట ఎందరో కలరు.

కేస్కర్‌గారి కాలమును పూర్తిగా నిందించుట న్యాయము కాదు. సంగీతమున జాతీయ కార్యక్రమము 1952లో మొదలైనది. రేడియో సంగీత సమ్మేళనములు వచ్చినవి. ఢిల్లీ వాద్యబృందమునకు మన ఈమని శంకరశాస్త్రిగారు వన్నె తెచ్చినారు. మద్రాసు కేంద్రమునందు బాలాంత్రపు రజనీకాంతరావుగారు మొలకెత్తించిన లలిత సంగీతము విజయవాడలో విస్తరించినది. భక్తిరంజని తెల్లవారుజామున తెలుగు ఇండ్లను మేలుకొలిపినది. మంచి సంగీతమును వినిపింపబూనుట తప్పు కాదు. ఒకటి మెచ్చినవాడు మరియొకటి మెచ్చడని భావించుటలోనే పొరపాటు జరిగినది.

పాడినవారిని చూచినను ఈ విషయము తెలియగలదు. మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు కచేరీలో కృతి పాడినారు, విజయవాడ రేడియోలో భక్తిరంజని పాడినారు, లలితగీతము పాడినారు, చలనచిత్రములందును పాడినారు; 1967లో ‘భక్త ప్రహ్లాద’ చిత్రమున నారదుడై తెరమీదకును వచ్చినారు. ఏ గడిలో కూర్చుండబెట్టుదుము? ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విజయనగరము సంగీత కళాశాలలో చదివినవారు. జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి ‘పుష్పవిలాపము’ను వారు పాడగా రికార్డు వచ్చినది. అది కావ్యమా, నాటక పద్యమా, లలిత సంగీతమా? సినిమా గాయకుడు పాడినను సినిమా పాట కాదు. ఛందోబద్ధ పద్యములైనను కావ్య పఠనము కాదు. విన్నవారు మాత్రము ఈ ప్రశ్న వేసికొనలేదు. కన్ను తుడుచుకొని, మరల వేయుమన్నారు.

1957 అక్టోబరు 3న ఆకాశవాణి వివిధభారతిని ఆరంభించినది. శ్రోతకు మేము వ్రాసికొన్న రాజీనామా వంటిది అది. ఇచట రాజీనామా యనగా రాజీ పత్రమను అర్థమున. పేరులోనే ‘వివిధ’ యని యుండుట గమనింపదగినది. శ్రోతలు కోరిన పాటలకు అందు చోటు దొరికినది. అభ్రకపు గనులకు పేరొందిన ఝుమ్రీ తెలయ్యా యను చిన్న పట్టణము, కేవలము పాటలు కోరుచు కార్డులు వ్రాసినందువలన, దేశమంతట ప్రసిద్ధి చెందినది. కొన్నాళ్ళకు పేర్లు చదువుటకే కాలము చాలుట లేదని వేరొక వర్గము శ్రోతలు ఫిర్యాదు చేయసాగినారు. ఆ ఫిర్యాదును మేమెన్నడును పూర్తిగా పట్టించుకొనలేదు. పాట అందరిదైనను, పేరు వినబడిన ఆ క్షణము ఒక ఇంటివారిది.

సైనికుల కొరకైన జయమాలలో సినీ ప్రముఖులు తాము ఎంచిన పాటలను వినిపించిరి. తెలుగులో జనరంజని ఆ మార్గముననే నడచినది. తెరమీద మనము ఒక విధముగా ఎరిగిన నటుడో నటీమణియో మైకు ముందు కూర్చుండి, తనకు ప్రియమైన పాట ఇది, కారణము ఇది అని చెప్పునప్పుడు, పాటకంటె ముందు ఆ మాటకొరకే చెవి యొగ్గెడివారు కలరు.

ఆ కాలమున టేపు ఖరీదైనది. ఒకదానిమీద మరియొకటి రికార్డు చేయుట పెక్కు దేశముల రేడియోలకు అలవాటు. ప్లమ్లీ కార్యక్రమము తొలి సంవత్సరముల భాగములు బి.బి.సి.లోనే చాలవరకు నశించినవి. 2022లో 90కి పైగా భాగములు తిరిగి దొరికినవి. దాచి ఉంచినది సంస్థ కాదు, రికార్డులు కూడబెట్టు ఒక అభిమాని. మన జనరంజని సంచికలు కొన్ని నేటికి వినబడుచున్నవనిన, అందుకును కారణము ఇండ్లలో రేడియో ప్రక్కన టేపురికార్డరు పెట్టి, బిడ్డలను అల్లరి చేయవద్దని గదమాయించి, పట్టి ఉంచిన శ్రోతలే. ఆ టేపులలో పాట నడుమ అప్పుడప్పుడు వంటింటి గిన్నెల చప్పుడు కూడ వినవచ్చును.