సిగ్నల్ (సైనిక సచిత్ర పత్రిక)

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మన్ సైన్యం విదేశీ పాఠకుల కోసం నడిపిన పక్షపత్రిక 'సిగ్నల్'. 1940 ఏప్రిల్‌లో మొదలై, 1945లో జర్మనీ ఓటమితో ఆగిపోయింది. దీన్ని వెలువరించిన బెర్లిన్ సంస్థ డాయిచర్ ఫెర్లాగ్ అంతకుముందు ఉల్‌స్టైన్ అనే యూదు కుటుంబానిది. 1934లో నాజీలు వాళ్ల చేత బలవంతంగా అమ్మించి, ఆ తర్వాత పేరు మార్చారు. పత్రిక 20కి పైగా భాషల్లో వచ్చేది. ఉచ్ఛస్థితిలో, అంటే 1943 ప్రాంతంలో, 25 లక్షల ప్రతుల దాకా వేసేవారు. అమెరికా సచిత్ర పత్రిక 'లైఫ్' తరహా పెద్ద పుటలు, వాటిలో కొన్ని పూర్తి రంగుల్లో. కాగితానికే కటకటగా ఉన్న యూరప్‌లో ఆ హంగు చూసినవారికి, ఇంత ఖర్చు పెట్టగలవాళ్లు యుద్ధం ఓడిపోతారా అనిపించేది. పత్రిక చెప్పదలచుకున్న మొదటి మాట అదే, దాన్ని అక్షరాలతో చెప్పే పని లేకపోయింది.

ఇది ఉత్త ప్రచారం, చరిత్రకు పనికిరాదు అనే వాదన ఒకటుంది. అది సగమే నిజం. సిగ్నల్‌కు ఫొటోలు తీసిన సైనిక ప్రచార దళాలవాళ్లు నిజంగానే ముందువరసలో తిరిగారు, వాళ్లలో చనిపోయినవారూ ఉన్నారు. ఆ ఫొటోల్లోని ట్యాంకులు, దుస్తులు, బురద కల్పితాలు కావు. బొమ్మను మార్చడం కన్నా ఏ బొమ్మ తీయాలి, ఏది వేయాలి, ఏది దాచాలి అనే ఎంపికలోనే అబద్ధం ఎక్కువగా ఉంది. అందుకే ఈ పత్రికను విడిగా చదివితే లాభం లేదు, ఆ తేదీన ఆ చోట జరిగిన మిగతా సంగతుల పక్కన పెట్టి చదవాలి.

ఇందుకు మంచి ఉదాహరణ ఆంద్రే జుకా. ఈ ఫ్రెంచి ఫొటోగ్రాఫర్ సిగ్నల్ కోసం పనిచేస్తూ, జర్మన్లు ఇచ్చిన ఆగ్ఫాకలర్ ఫిల్ముతో ఆక్రమిత పారిస్‌ను రంగుల్లో తీశాడు. ఎండలో వెలిగే వీధులు, కాఫీ హోటళ్లు, సింగారించుకున్న స్త్రీలు. ఆ ఎండ వెనక సాంకేతిక కారణం ఉంది: నాటి రంగు ఫిల్ముకు వెలుతురు బాగా ఉంటేనే బొమ్మ పడేది. అదే నగరంలో 1942 జూన్ నుంచి యూదులు పసుపు నక్షత్రం కుట్టుకు తిరగాల్సి వచ్చింది. జూలై 16, 17 తేదీల్లో ఫ్రెంచి పోలీసులు 13 వేల మంది యూదులను పట్టుకున్నారు. జుకా చిత్రాల్లో నక్షత్రం ధరించినవారు అరుదుగా కనిపిస్తారు, పోలీసుల దాడి ఆనవాలు మాత్రం లేదు. 2008లో పారిస్‌లో ఈ ఫొటోల ప్రదర్శన పెడితే పెద్ద దుమారం రేగింది. చివరికి నిర్వాహకులు వివరణ పత్రం అచ్చువేసి సందర్శకులకు పంచాల్సి వచ్చింది.

యుద్ధంలో ఎవరి పత్రిక మాత్రం నిజం చెప్పింది అన్నది మరో ఆక్షేపణ. అందులో బలం ఉంది. 'లైఫ్' సైతం చనిపోయిన అమెరికన్ సైనికుల ఫొటోను 1943 సెప్టెంబరు దాకా వేయలేకపోయింది. న్యూగినీలోని బూనా తీరంలో జార్జ్ స్ట్రాక్ తీసిన ఆ చిత్రం నెలల తరబడి సెన్సారు దగ్గరే ఉండిపోయింది. అయితే అక్కడ పత్రిక వేరు, సెన్సారు వేరు. సంపాదకులు పట్టుబట్టి అడిగారు, ప్రభుత్వం ఒప్పుకుంది. సిగ్నల్‌లో అలా అడగడానికి ఎవరూ లేరు, ఫొటోగ్రాఫరు నుంచి సంపాదకుడి దాకా అందరిపైనా ఒకే సైన్యం చెయ్యి. రెంటిలోనూ దాపరికం ఉందని ఒకే గాటన కట్టడం వల్ల ఈ తేడా కనపడకుండా పోతుంది.

స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్ల పరాజయం తర్వాత సిగ్నల్ ధోరణి మారింది. విజయగాథలు తగ్గి, బోల్షివిజం నుంచి యూరప్‌ను జర్మనీ కాపాడుతోందన్న పాట పెరిగింది. యుద్ధం ముగిసిన చాలాకాలానికి, 1970లలో ఇంగ్లీషులో వచ్చిన దాని పునర్ముద్రణలను ఆయుధాల అభిమానులు కూడా కొనుక్కున్నారు. ట్యాంకు రంగు, కాలరు గుర్తు పోల్చుకోవడానికి అవి బాగానే పనికొస్తాయి. ఆ ట్యాంకు వెనక కనిపించే ఊరు ఎందుకు ఖాళీగా ఉందో తెలియాలంటే మాత్రం అదే ఊరి గురించి సోవియట్ దర్యాప్తు పత్రాలు, బతికి బయటపడ్డ యూదుల సాక్ష్యాలు చూడాలి.