సూక్ష్మ శైవలాల నుంచి జీవ ఇంధన తైలం

సూక్ష్మ శైవలాలు నీటిలో తేలుతూ సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకొనే, విడిగా కంటికి ఆనని జీవులు. జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల చెరువుల నీరు ఎండాకాలంలో పచ్చబడేది చాలావరకు వీటివల్లా, వీటితో కలిసి పెరిగే నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులవల్లా. నత్రజని కరవైనప్పుడు వీటిలో పలు జాతులు ఎదుగుదల తగ్గించుకొని, పట్టిన కర్బనాన్ని నూనెగా దాచుకుంటాయి. ఈ గుణం ఆధారంగా కొవ్వు పదార్థాలను పండించవచ్చని 1942లో, యుద్ధకాలపు జర్మనీలో, హార్డర్, ఫాన్ విచ్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. 1973 చమురు సంక్షోభం తరువాత అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు నడిపిన కార్యక్రమంలో సుమారు 3,000 రకాలను సేకరించి, మేలైనవాటిని ఆరుబయటి కుంటలలో పెంచి చూశారు. ముడిచమురు చౌకగా దొరికే రోజులలో ఆ ఖర్చు గిట్టదని తేలి అది ఆగిపోయింది.

నూనె తీయడానికీ ఖర్చు ఎక్కువే. లీటరు కుంటనీటిలో ఎండు శైవలం తరచు ఒక గ్రాముకు మించదు కనుక, వేరుశనగను గానుగాడినట్లు దీనిని ఆడించడం కుదరదు. పటిక వంటివి వేసి కణాలను ముద్దకట్టించి, వేగంగా తిరిగే యంత్రంలో నీటిని వేరుచేసి, ఆరబెట్టి, గట్టి కణకవచాన్ని పగలగొట్టిన తరువాతే, తవుడు నూనె మిల్లులలో వాడే హెక్సేన్ ద్రావణిలో నూనెను కరిగించి తీస్తారు. ఆ నూనెకు మిథనాల్, ఉత్ప్రేరకం కలిపితే బయోడీజిల్, గ్లిజరిన్ విడివడతాయి. ఆరబెట్టడానికే బోలెడంత శక్తి ఖర్చవుతుంది. ఈ రంగంలోకి 2009లో దిగిన చమురు సంస్థ ఎక్సాన్‌మొబిల్ 2023లో తప్పుకుంది.

తెలుగునాట ఈ పరిశోధనకు హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఒక ముఖ్య కేంద్రం. అక్కడి ఎస్. వెంకటమోహన్ బృందం ఒకే శుద్ధ జాతిని పెంచే పద్ధతికి భిన్నంగా, సహజ జలాశయాలలోని శైవలాల మిశ్రమాలను పరీక్షించి, ఫలితాలను 2011లో ప్రచురించింది; మురుగునీటిలో మొదట ఎదగనిచ్చి, ఆపై పోషకాలు అందకుండా చేసి నూనె పెంచే రెండు దశల పద్ధతినీ పరిశీలించింది. నీరు శుద్ధి కావడమూ ఇంధనం రావడమూ ఒకే కుంటలో జరగడం ఈ మార్గంలోని అసలు బలం.

కిలో ఎండు శైవలం తయారవడానికి దాదాపు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ కావాలి కనుక, భూపాలపల్లి జిల్లా చెల్పూరులోని 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం వంటివాటి పొగ ఇందుకు ముడిసరుకు కాగలదు. సాగుకూ చేపలకూ ఆధారమైన చెరువులను ముట్టుకోకుండా, పట్టణాల మురుగునీటితో నడిచే కుంటలే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు తగినవి. అయితే చీకటిపడ్డాక శైవలాలు కార్బన్ డయాక్సైడ్‌ను గ్రహించవు గనుక, రేయింబవళ్లు వెలువడే పొగలో కొంత భాగమే వాటికి ఉపయోగపడుతుంది.