గుడ్డల సుంకమూ, పత్తి రైతూ

విదేశీ గుడ్డలపై సుంకం పెంచితే దేశానికి మేలు కాదా అని విద్యార్థి మిత్రులు నన్ను తరచు అడుగుతూ వుంటారు. దేశంలో ఎవరికి మేలు అని నేను ఎదురు ప్రశ్న వేస్తాను. 1933 నాటి భారత-జపాను వస్త్ర వివాదం చదివినప్పటి నుంచి నాకీ అలవాటు పట్టుకుంది.

1931 డిసెంబరులో జపాను బంగారు ప్రమాణాన్ని విడిచిపెట్టింది. యెన్ విలువ పడిపోయి, జపాను గుడ్డలు మన బజార్లలో కారుచౌక అయినాయి. లంకాషైరు బెదిరింది. బొంబాయి మిల్లు యజమానులూ బెదిరారు. వలస ప్రభుత్వం బ్రిటిషేతర నూలు గుడ్డలపై సుంకాన్ని 1932 ఆగస్టులో 50 శాతానికి, 1933 జూన్‌లో 75 శాతానికి పెంచింది. బ్రిటిష్ గుడ్డలపై మాత్రం 25 శాతమే! ఈ రక్షణ ఎవరి కోసమో ఆ అంకెలే చెబుతున్నాయి. అదే సంవత్సరం అక్టోబరులో లంకాషైరు ప్రతినిధి క్లేర్ లీస్, బొంబాయి మిల్లు యజమానుల నాయకుడు మోడీ తమలో తాము ఒడంబడిక చేసుకున్నారు. దానిని అహమ్మదాబాదు మిల్లుదారులే హర్షించలేదు.

జపాను మిల్లుదారులు దీనికి జవాబుగా మన పత్తి కొనడం మానేశారు. మన ముడి పత్తిని అందరికంటే ఎక్కువగా కొనేది ఆనాడు జపానే. 1929 మాంద్యంతో ధరలు కూలి, శిస్తుకూ వడ్డీకీ చాలక కుంగిపోయిన రైతు నెత్తిన ఈ దెబ్బ పడింది. సుంకం వల్ల లాభం మిల్లుకు, ప్రతీకారం వల్ల నష్టం పొలానికి!

సిమ్లాలో సెప్టెంబరులో మొదలైన సంప్రదింపులు 1934 జనవరిలో ఒప్పందానికి వచ్చాయి. సుంకం తిరిగి 50 శాతానికి దిగింది. జపాను ఏటా 10 లక్షల బేళ్ల పత్తి కొంటే 32.5 కోట్ల గజాల గుడ్డ పంపుకోవచ్చు. 15 లక్షల బేళ్లు కొంటే 40 కోట్ల గజాలు. అంటే మొదటి 10 లక్షల బేళ్ల దాకా బేలుకు 325 గజాల చొప్పున మారుబేరం. రైతు పండించిన పత్తి మిల్లుల తగాదాలో తాకట్టు సరుకయింది.

రక్షణ సుంకాలు వద్దని నేననడం లేదు. పరాధీన దేశంలో పరిశ్రమ నిలబడడానికి అవి అవసరమే. జాతీయోద్యమం కోరిందీ అదే. కాని ఆ రక్షణకు ఖరీదు ఎవరు చెల్లించాలన్నది వర్గ ప్రశ్న. 1927లో దిగుమతి నూలుపై సుంకం పెంచినప్పుడు ఆ బరువు నూలు కొనుక్కుని మగ్గం నడుపుకునే నేతగాడిపై పడలేదా?

ఇది పాత కథ అని సరిపెట్టుకోలేము. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులు అనేకంపై 50 శాతం సుంకం విధించింది. ఆ నెలలోనే కేంద్ర ప్రభుత్వం వస్త్ర పరిశ్రమకు ఊరటగా పత్తి దిగుమతిపై 11 శాతం సుంకాన్ని ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు నెలాఖరు దాకా పొడిగించింది. గుంటూరులో, ఆదిలాబాదులో రైతు పత్తి తీసి అమ్ముకునే నెలలు సరిగ్గా అవే.

కాబట్టి మిత్రులారా, సుంకాల పోరు గూర్చి చదివినప్పుడు ఎవరి మిల్లు నిలిచిందో చూడండి. ఎవరి పత్తి ఇంట్లో మిగిలిపోయిందో కూడా చూడండి. రెండవ లెక్క మనమే కట్టవలసి వుంది.