మన్యపు సంతలో కొలపాత్ర

ఇల్లందునుండి కొత్తగూడెము పోవు త్రోవలో, అడవికిని బొగ్గుగనులకును నడుమ నున్న టేకులపల్లి సీమయందు, వారపు సంత చూచినవానికి ఒక విషయము వెంటనే తోచును: ఇచ్చట అమ్మువాడును కొనువాడును తరచుగా ఒక్కడే. నెత్తిన చింతపండు గంపతో వచ్చిన కోయ స్త్రీ దానిని విక్రయించి, ఆ రూకలతోనే ఉప్పు, మిరపకాయలు, ఎండుచేపలు, బిడ్డకొక రవికెగుడ్డ కొనుక్కొని ప్రొద్దుగూకకముందే గుంపునకు, అనగా తన కోయపల్లెకు, మరలును. నగరవాసి అంగడికి ధనముతో పోవును. మన్యవాసి తన శ్రమనే మోసికొని పోవును. కావున ఈ సీమ క్రయవిక్రయముల చరిత్ర వ్రాయదలచినవాడు, ఆ శ్రమను కొలిచిన పాత్ర ఏ కాలమున ఎవరి చేత నుండెనో మొదట విచారింపవలెను.

కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. గాలివానకు ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు అపహరించుచుండగా, తాను నియతమైన సుంకము తప్ప మరేమియు గొననని ఆయన దేశాంతర వర్తకులకు మాట యిచ్చెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొక పాలు. సముద్రము దాటి వచ్చినవానికి ఇట్టి రక్షణ లభించినది. అడవి దాటి వచ్చినవానికి అట్టి అభయము దొరకుటకు ఏడువందల యేండ్లు పట్టినది.

అడవిలో దొరకని ముఖ్య పదార్థము ఉప్పు. తీరమునుండి దానిని లోనాడులకు చేర్చినవారు లంబాడీలు. పదునేడవ శతాబ్దమున మన దేశము చుట్టివచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే, పది పండ్రెండు వేల ఎద్దులతో సాగు వారి బిడారులను చూచి వర్ణించెను. ధాన్యము, బియ్యము, పప్పు, ఉప్పు అను నాలుగు సరకులను నాలుగు తెగలవారు వేర్వేరుగ మోయుదురని వ్రాసెను. సైన్యములకు తిండి, పల్లెలకు ఉప్పు వారి పెరికెలమీదనే నడచినవి. రైలుమార్గములు పడిన తరువాత ఆ వృత్తి క్షీణించెను. సంచారులైన వర్తకులు తండాలు కట్టుకొని సేద్యమున కుదురుకొనిరి. ఒకనాడు దేశమునకు సరకు మోసిన జాతి నేడు ఆ సంతకే కొనుగోలుదారుగ నడచి వచ్చుట నన్ను మిక్కిలి కలచివేయును.

1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గు గుర్తించెను, 1886లో హైదరాబాదు దక్కను కంపెనీ యేర్పడెను, రైలు వచ్చెను, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ వెలసెను. గనికార్మికుని కూలి నాణెములుగ ముట్టుటచే, వస్తువునకు వస్తువు మార్చుకొను ఆచారము ప్రక్క రొక్కపు బేరము వచ్చి నిలిచెను.

అయినను గుంపులలో కొలతయే రాజ్యమేలెను. కుంచమునకు నాలుగు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు: లెక్క సులభమే. మోసము లెక్కలో లేదు, చేతిలో నున్నది. షావుకారు ఇప్పపూవునో కరక్కాయనో తీసికొనునపుడు పాత్ర పొంగి కుప్పపడునట్లు కొలుచును. ఉప్పు ఇచ్చునపుడు అంచువెంట గీచి సమముచేసి ఇచ్చును. ఆపై గుప్పెడు కొసరు వేసినచో కొన్నవాడు సంతోషముగనే పోవును. వానకాలమున తిండిగింజలు నాగుకు, అనగా ధాన్యపు వడ్డీకి, తెచ్చుకొన్న కుటుంబము, పంట చేతికి రాగానే అసలునకు సగము చేర్చి కొలిచి ఇయ్యవలసి వచ్చును. అట్టివానికి సంత బేరమాడు చోటు గాక, బాకీ తీర్చు చోటయ్యెను. 1940 దశకమున నిజాము ప్రభుత్వపు కొలువులో గిరిజనుల స్థితిగతులను పరిశీలించిన హైమన్‌డార్ఫ్, వడ్డీవర్తకుల ఋణములు వారినెట్లు బంధించెనో వివరముగ వ్రాసెను.

ప్యారిసు నగరమున బాన్ మార్షే దుకాణము 1852 నుండి పెరిగి, వస్తువునకు నిర్ణీతమైన ధర చీటి కట్టి, ఎవరైన లోనికి వచ్చి చూచిపోవచ్చునను పద్ధతిని ప్రసిద్ధము చేసెను. నవీన వాణిజ్యమునకు అది గొప్ప మలుపందురు. మన మన్యమునకు అంతటి మలుపు ప్రభుత్వపు తూనికరాళ్ళతో వచ్చినది. 1956లో విశాఖపట్టణము కేంద్రముగ గిరిజన సహకార సంస్థ పుట్టెను. 1957లో నయాపైసలు, 1958 మొదలు కిలోగ్రాములు ప్రవేశించెను. 1971 శాసనముచే తునికాకు వ్యాపారము ప్రభుత్వాధీనమయ్యెను. 1979 నిబంధనచే షెడ్యూల్డు ప్రాంతముల చిల్లర అటవీఫలముల కొనుగోలు ఆ సంస్థకే దక్కెను. జిగురు, కుంకుడుకాయలు, తేనె కొనుచు, నిత్యావసర వస్తువులను డిపోలలో అమ్ముచు, అది షావుకారు పాత్రను రెండు వైపుల నుండియు తొలగింపజూచెను. సంస్థకు లోపములు లేవనను; కాని ధర ముందుగ ప్రకటించి కొనుట అడవిబిడ్డకు చేసిన మహోపకారమని నా నమ్మకము.

నేడు సంతలో మిణుకుమిణుకుమను అంకెల కాటాలున్నవి. ఫోను చూపి సొమ్ము చెల్లించు యువకులున్నారు. పట్టణపు దుకాణములనుండి సరకు ఇంటికే వచ్చుచున్నది. సంత మాత్రము చెడలేదు, ఏలయన కొలదిగ అమ్మి కొలదిగ కొనువానికి మరియొక చోటు లేదు. అయితే వేసవిలో తునికాకు కల్లమునొద్దకు పోయి చూడుడు. ఏబది ఆకులొక కట్ట. ఎండలో అడవి తిరిగి కోసి, పేర్చి, నారతో కట్టి ఒక స్త్రీ తెచ్చిన కట్ట చిన్నదనియో ఆకు పుచ్చినదనియో ప్రక్కకు త్రోయు అధికారము, కల్లమున ఆకు చూచి లెక్కించు కల్లేదారునిది. ఆ త్రోసిన కట్టను ఆమె ఎదుటనే విప్పించి, ఆమె చేతనే మరల లెక్కింపజేయు నియమము ప్రతి కల్లమునను ఉండితీరవలెను.